కాళ్ళకు లెక్క, చేతులకు తాళం

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒళ్ళుకూ మెదడుకూ ఒకేసారి పని చెప్పే వ్యాయామాల గురించి, యాది గురించి ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినబడుతున్నదా? వినబడని వాళ్ళు చెయ్యెత్తండి అని అడగబోయాను, వినబడకపోతే చెయ్యెట్లా ఎత్తుతారు! సరే, వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు రండి, ఖాళీ కుర్చీలు ఉన్నాయి.

ప్రసంగం అనగానే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునే అలవాటు మనకు ఉంది. అందుకని ముందు మీ చేతులకు పని చెప్తాను. కుడిచేత్తో ముక్కు పట్టుకోండి. ఎడమచేత్తో కుడిచెవి పట్టుకోండి. అయిందా? ఇప్పుడు రెండు చేతులూ వదిలి, ఒక్క చప్పట్టు కొట్టి, తారుమారు చెయ్యాలి. ఎడమచెయ్యి ముక్కుకు, కుడిచెయ్యి ఎడమచెవికి. మళ్ళీ చప్పట్టు, మళ్ళీ మొదటిలాగ. కానివ్వండి, కొంచెం జోరుగా.

(సభలో నవ్వులు)

ముందు వరుసలో సార్ రెండు చేతులతోనూ ముక్కే పట్టుకున్నారు. పర్వాలేదు సార్, నేను మొదటిసారి చేసినప్పుడు నా కళ్ళద్దాలు కింద పడ్డాయి. ఎవరికి రాలేదో వాళ్ళు సిగ్గుపడొద్దు. ఇవాళ లాభం వాళ్ళదే. మొదటిసారికే సాఫీగా వచ్చినవాళ్ళకు ఈ పనితో పెద్దగా ఒరిగేది లేదు, వాళ్ళకు ఇంకొకటి వెతకాలి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఇంచుమించు ఇదే. మిగతాది వివరం.

నన్ను అందరూ డాక్టర్ సాబ్ అంటారు గాని నేను కాళ్ళూ చేతులూ చూసే మనిషిని. ‘యాదికుంటలేదు’ అని నా దగ్గరికి ఎవరూ రారు. ‘మోకాళ్ళు గుంజుతున్నయి’ అని వస్తారు, ‘నడుము పట్టింది’ అని వస్తారు. అయితే గదిలోకి నడిచి వచ్చేటప్పుడు నేను ఒకటి గమనిస్తుంటాను. తలుపు దగ్గర ఉండగానే ‘ఏ ఊరు పెద్దమ్మా?’ అని అడుగుతాను. కొందరు నడుస్తూనే ‘కనగల్లు బిడ్డా’ అంటారు. కొందరు టక్కున ఆగిపోయి, ఊరి పేరు చెప్పి, మళ్ళీ అడుగు వేస్తారు. ఆ ఆగిన మనిషి పేరు పక్కన నేను చిన్న గుర్తు పెట్టుకుంటాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. స్వీడన్‌లో ఇట్లాగే చూసి 1997లో ఒక వైద్య పత్రికలో రాశారు. 58 మంది వృద్ధులతో కలిసి నడుస్తూ మాటలు పెట్టారు. మాట్లాడడానికి నడక ఆపినవాళ్ళు 12 మంది. ఆ 12 మందిలో 10 మంది ఆరు నెలల్లోపే ఎక్కడో ఒకచోట పడ్డారు. ఖర్చు లేదు, మిషను లేదు, ఒక్క ప్రశ్నే పరీక్ష.

ఎందుకు ఆగుతారు? వయసులో ఉన్నప్పుడు నడక తనంతట తానే నడుస్తుంది. మనం బజార్లో లెక్కలేసుకుంటూ, చుట్టాలను తిట్టుకుంటూ నడిచినా కాలు దాని పని అది చేసుకుంటుంది. వయసు మీద పడ్డాక కన్ను మందగిస్తుంది, చెవిలోపల బ్యాలెన్స్ చూసే భాగం మందగిస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకు అరికాలికి నేల సరిగ్గా తెలియదు. అప్పుడు నడక మీద కూడా మనసు పెట్టాల్సి వస్తుంది. ఉన్న మనసు అంతా కాళ్ళకే పోతే మాటకు మిగలదు. అందుకని ఆగుతారు. నడక, యాది రెండూ వేరువేరు ఖాతాలు అనుకుంటాం గాని, డబ్బు తీసేది ఒక్క బ్యాంకులోంచే.

అయితే కాళ్ళకు పని చెప్తే యాదికి మేలు జరుగుతుందా? ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ విషయం మీద వాట్సాప్‌లో వచ్చేదంతా నిజం కాదు. నాకు నమ్మకం ఉన్న మాటలే చెప్తాను.

మెదడులో చెవులకు కొంచెం లోపలగా, ఇటొకటి అటొకటి, హిప్పోక్యాంపస్ అని ఉంటుంది. కొత్త సంగతులను దాచుకోవడం, దారులు గుర్తుపెట్టుకోవడం దాని పని. వయసుతో అది ఏటా కొంచెం కొంచెం చిక్కిపోతుంది. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిపించారు. రెండో గుంపుతో ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత స్కాన్ తీస్తే, నడిచినవాళ్ళలో హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. 2011లో వచ్చిన పరిశోధన ఇది. చిక్కిపోవాల్సింది పెరగడం చిన్న సంగతి కాదు.

అంటే నడిస్తే చాలునా? నడక మంచిదే. గడియారం సెంటర్ నుంచి రోజూ పొద్దున నడిచే గుంపులో ఇక్కడ సగంమంది ఉన్నారని నాకు తెలుసు. కాకపోతే ఇంకో అడుగు ముందుకు వెయ్యొచ్చు. జర్మనీలో మాగ్దెబర్గ్ అనే ఊళ్ళో పెద్దవాళ్ళనే రెండు చిన్న గుంపులు చేశారు. ఒక గుంపు సైకిల్ తొక్కుడు, నడక లాంటివి ఎప్పుడూ ఒకే రకంగా చేసింది. రెండో గుంపు నాట్యం నేర్చుకుంది. ఆ నాట్యంలో ఒక కిటుకు ఉంది. అడుగులు అలవాటయ్యే లోపలే మార్చేసేవాళ్ళు, మళ్ళీ కొత్తవి నేర్చుకోవాలి. ఏడాదిన్నర నడిచింది ఇది. హిప్పోక్యాంపస్ రెండు గుంపుల్లోనూ బాగుపడింది. బ్యాలెన్స్ మాత్రం నాట్యం చేసినవాళ్ళకే ఎక్కువగా మెరుగుపడింది. న్యూయార్క్‌లో 75 దాటినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2003లో ఇంకో సంగతి చెప్పారు. ఒంటికి పని చెప్పే అలవాట్లు చాలా చూస్తే, డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, తక్కువగా వచ్చినవాళ్ళలో కనబడిన అలవాటు నాట్యం ఒక్కటే. నాట్యం వల్లనే రాలేదా, బాగున్నవాళ్ళే నాట్యానికి పోయారా అనేది ఆ లెక్కలో పూర్తిగా తేలదు. అది కూడా చెప్పాలి కదా.

నాట్యంలో ఏముంది? కాలు ఒకటి చేస్తుంది, చెయ్యి ఇంకొకటి చేస్తుంది, చెవి పాట వింటుంది, కన్ను పక్కవాళ్ళను చూస్తుంది, తర్వాత వచ్చే అడుగు మనసులో ఉండాలి. ఇవన్నీ ఒక్కసారే జరగాలి.

నేను ఇక్కడిదాకా వచ్చేసరికి అక్కలందరూ ఒకళ్ళ మొఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. అవును, బతుకమ్మే. వంగాలి, లేవాలి, చప్పట్లు కొట్టాలి, పక్కకు అడుగు వెయ్యాలి, వలయం తిరగాలి, పాట ఎత్తుకున్న మనిషి చరణం వదలగానే అందుకోవాలి. ముందున్న ఆమెకు తగలొద్దు, వెనకున్న ఆమె కాలు తొక్కొద్దు. ఏ ఫిజియోథెరపీ పుస్తకంలోనైనా దీన్ని ‘ఒకేసారి రెండు పనుల శిక్షణ’ అని రాస్తారు. కోలాటంలో చేతికి కర్ర కూడా తోడవుతుంది, తప్పు కొడితే వేళ్ళకు తగులుతుంది. చిరుతల భజన మగవాళ్ళ బతుకమ్మ అంటాను నేను, ఎవరూ తప్పుపట్టకండి.

మన ఆటపాటలను చూసుకుని ‘అన్నీ మన పెద్దలు ముందే చెప్పారు’ అని చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం ఉండదు. పెద్దలు యాది కోసం బతుకమ్మ ఆడలేదు. అదీగాక తొమ్మిది రోజులు ఆడి మిగతా 356 రోజులు టీవీ ముందు కూర్చుంటే పని జరగదు. కానీ మన ఒళ్ళు మొత్తం జీవితం ఇట్లాంటి పనే చేసింది అన్నది మాత్రం నిజం. నాట్లు వేసేటప్పుడు వెనక్కి నడుస్తారు. వెనక్కి నడుస్తూ, వంగి, ఎడమచేతిలోని నారులోంచి మూడు నాలుగు పోచలు కుడిచేత్తో తీసి, సాలు తప్పకుండా గుచ్చుతూ, పాట పాడుతూ. ఇవాళ పెద్ద పెద్ద క్లినిక్కుల్లో డబ్బులు కట్టి వెనక్కి నడక నేర్చుకుంటున్నారు! పోచంపల్లిలో, గద్వాలలో, నారాయణపేటలో మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని చూడండి. కాళ్ళు ఒక లెక్కలో తొక్కాలి, చేతులు ఇంకో లెక్కలో నాడె విసరాలి, కన్ను పువ్వు మీద ఉండాలి. ఆ మనిషి అరవై ఏళ్ళకు మగ్గం దిగి, కొడుకు ఇంట్లో మంచం మీద కూర్చున్నాడనుకోండి, ఒక్కరోజులో అంత పనీ బందు. ఉద్యోగాలు చేసి రిటైరైన మన సంగతి ఇంకా అన్యాయం. మనకు కాళ్ళకూ పని లేదు, సంతకం పెట్టే పనీ పోయింది.

జపాన్‌లో వృద్ధుల వైద్యానికి ఒక జాతీయ కేంద్రం ఉంది. వాళ్ళు ఒక పద్ధతి తయారుచేశారు, చాలా సులువు. నిలబడి అడుగులు వేస్తూ ఒకటి రెండు మూడు లెక్కపెట్టాలి. మూడుతో భాగం పోయే అంకె వచ్చినప్పుడు నోటితో చెప్పకుండా చప్పట్టు కొట్టాలి. ఒకటి, రెండు, చప్పట్టు. నాలుగు, అయిదు, చప్పట్టు. ముప్పై దాకా పోవాలి. కూర్చునే చెయ్యండి ఇప్పుడు, కాళ్ళు మాత్రం ఎత్తండి.

(సభలో లెక్కింపు, చప్పట్లు)

ఇరవై ఒకటి దగ్గర సగం హాలు పడిపోయింది. బాగున్నది. ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతేమిటంటే, తప్పులు పోతున్నంతసేపూ చెయ్యమంటారు. తప్పు పోవడం ఆగిందంటే ఆ లెక్క మార్చేయమంటారు.

మా దగ్గరికి ఒక రిటైర్డ్ కండక్టర్ సార్ వచ్చేవారు. నడుస్తూ ఏదైనా వరుస తిరగేసి చెప్పాలి అన్నాను. హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా స్టేజీలు చెప్పండి అన్నాను. ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నల్లగొండ. ఒక్క అడుగు కూడా తప్పలేదు. నిద్రలో అడిగినా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చెప్తారు. ముప్పై ఏళ్ళు చేసిన పని కదా. నేను సంతోషపడి ‘శభాష్ సార్’ అనాలి. కానీ అది ఆయనకు వ్యాయామం కాదు. మరుసటి రోజు కూరగాయల పేర్లు అడిగాను, ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పొద్దు అన్నాను. నాలుగో కూరగాయకే నడక ఆగింది. ‘వంకాయ చెప్పిన్నా?’ అని నన్నే అడిగారు. అదీ ఆయనకు మందు. అదే పని కూరగాయలు అమ్మే ఆమెకు చెప్తే ఆడుతూ పాడుతూ చేస్తుంది. ఆమెకు బస్సు స్టేజీలు చెప్పాలి.

కాబట్టి ‘సార్, ఏ ఎక్సర్‌సైజు మంచిది?’ అని నన్ను అడిగితే నేను ఒక్క పేరు చెప్పలేను. మీకు ఏది రాదో అది మంచిది. పదిసార్లు చేస్తే మూడు నాలుగుసార్లు తప్పు పోవాలి. పదీ తప్పయితే విసుగొచ్చి మానేస్తారు. పదీ సరిగ్గా వస్తే మెదడు నిద్రపోతుంది.

చదువు రాని వాళ్ళ సంగతేమిటని మొన్న ఒకామె అడిగింది. రైతుకు కార్తెలు వస్తాయి కదా. అశ్వని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని అడుగుకొకటి చెప్తూ నడవండి. అది సులువైతే వెనక్కి చెప్పండి. తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి చైత్రం దాకా వెనక్కి చెప్పండి, అది పంతుళ్ళకు కూడా కష్టమే. మన నల్లగొండకు, పాలమూరుకు ఇంకో సౌకర్యం ఉన్నది. ఇక్కడ తెలుగు, ఉర్దూ రెండూ నడుస్తాయి. ఒక అడుగు తెలుగులో, ఒక అడుగు ఉర్దూలో లెక్కపెట్టండి. ఒకటి, దో, మూడు, చార్, అయిదు, ఛే, ఏడు, ఆఠ్. కుడికాలు తెలుగు, ఎడమకాలు ఉర్దూ. కాలు మారినప్పుడల్లా భాష మారాలి. భాషల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటి పరిశోధకులు 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ఒక సంగతి రాశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు ఒక్క భాష వాళ్ళకంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉన్నది. కాలుకు తెలుగు, కాలుకు ఉర్దూ లెక్కపెడితే నాలుగున్నర ఏళ్ళు కలిసివస్తాయని నేను అనడం లేదు. వాళ్ళు జీవితమంతా రెండు భాషల్లో బతికినవాళ్ళు. కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడం అనేది మెదడుకు నిజమైన పని అని మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మ దేవరకొండ పక్క ఊళ్ళో ఉంటుంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం మొదలైంది. నాకు అప్పుడే ఈ పిచ్చి కొత్తగా పట్టింది. ఇంటికి పోయిన మొదటి రోజే, ‘అమ్మా, వంద నుంచి మూడు మూడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టుకుంట నడువు’ అని వాకిట్లో నడిపించాను. వాకిలి నుంచి రోడ్డుకు సిమెంటు ఏటవాలు ఉంది. తొంభై నాలుగు దాకా చెప్పింది. తొంభై ఒకటి కోసం ఆలోచిస్తూ కాలు మడతపడి, చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ‘నీ లెక్కల్ల పడి చెయ్యిరిగె కొడకా’ అని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. పాలు మర్చిపోయిన సంగతి మర్చిపోయింది గాని ఇది మాత్రం మర్చిపోలేదు!

నేను ఇందాక చెప్పిన స్వీడన్ సంగతి నాకు అప్పటికే తెలుసు. మాట్లాడితే నడక ఆగే మనిషికి, కూర్చోబెట్టి మొదలుపెట్టాలి అని నాకు తట్టలేదు. అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రెండు మూడు వారాలు కుర్చీలోనే. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకు ఆనించి పెట్టాలి, జారుతుంది. కుర్చీలో కాళ్ళు ఎత్తుతూ లెక్క, ఎదురు చెయ్యితో ఎదురు మోకాలిని తాకుతూ పేర్లు, ముక్కు చెవి ఆట, ఒక చెయ్యి పిడికిలి ఒక చెయ్యి అరచెయ్యి చేసి మార్చడం, కుడిపాదాన్ని గడియారం ముల్లులాగ తిప్పుతూ కుడిచేత్తో గాలిలో ఆరు అంకె రాయడం. ఆ చివరిది చేసి చూడండి, పాదం ఇటు తిరగడం మానేసి అటు తిరుగుతుంది. నాకు ఇప్పటికీ రాదు. అవి కుదురుకున్నాక లేచి, వంటింటి గట్టునో కిటికీ కమ్మీనో పట్టుకుని నిలబడి చెయ్యాలి. మడమకు బొటనవేలు ఆనించి నిలబడడం, ఒంటికాలి మీద నిలబడడం అక్కడే. నడుస్తూ చేసేది అన్నిటికంటే చివర. అది కూడా సమంగా ఉన్న నేల మీద, పక్కన మనిషి ఉన్నప్పుడు.

నడకకు వచ్చినవాళ్ళకు వాకిట్లో సుద్దతో గళ్ళు గీసుకోమంటాను. జపాన్‌లో దీనికి చాప మీద 40 గళ్ళు గీస్తారు, అడ్డంగా నాలుగు, పొడుగ్గా పది. ఒకరు అడుగులు వేసి చూపిస్తారు, ఇంకొకరు చూసి గుర్తుపెట్టుకుని అవే గళ్ళలో అడుగులు వెయ్యాలి. మనకు తొక్కుడుబిళ్ళ ఆడిన అలవాటు ఉంది, కాకపోతే ఇందులో ఎగరడం లేదు, గీత తొక్కకుండా నడవడమే. మనవరాళ్ళను పిలవండి, అడుగులు వాళ్ళు పెడితే మీరు వెయ్యండి. పిల్లలు దయాదాక్షిణ్యం లేకుండా కష్టమైన అడుగులు పెడతారు. అది మీకు మంచిది.

పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్ళ సంగతి కొంచెం వేరు. అక్కడ ఎన్నో ఊళ్ళలో కొడుకులు, కోడళ్ళు పుణెకో బొంబాయికో హైదరాబాద్‌కో పనికి పోయి, ఇంట్లో ముసలివాళ్ళు, చిన్నపిల్లలు మిగిలారు. ముసలామెతో రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడేవాళ్ళు ఉండరు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మనం అడ్డుకోగల 14 కారణాలు చెప్పింది. అందులో ఒళ్ళు కదపకపోవడం ఉంది, బీపీ, షుగర్ ఉన్నాయి, చెవుడు ఉంది, చూపు సరిచేయించుకోకపోవడం ఉంది, పొగ తాగడం ఉంది, ఒంటరితనం ఉంది. అందుకే ఈ వ్యాయామాలు ఒక్కరే అద్దం ముందు నిలబడి చేస్తే సగం ఫలమే అని నా అభిప్రాయం. నలుగురు కలవాలి, ఒకరి తప్పుకు ఇంకొకరు నవ్వాలి.

చెవుడు గురించి ఒక్క మాట. ‘మా నాయన ఏదీ యాదికి పెట్టుకుంటలేడు’ అని తీసుకొస్తారు. చూస్తే ఆయనకు సరిగ్గా వినబడదు. వినని మాట యాదికి ఎట్లా ఉంటుంది? వ్యాయామానికి ముందు చెవి పరీక్ష చేయించండి.

మన జిల్లాకే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోలేను. ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగినవాళ్ళు ఇక్కడ కూడా ఉండొచ్చు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటారు, మన దగ్గర అంతకు ఎన్నో రెట్లు తాగారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టుకున్నది, మన ఊరికి వచ్చిన పేరు అట్లా వచ్చింది. ఫ్లోరైడ్ వల్ల వచ్చి ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ జబ్బులో కీళ్ళను పట్టి ఉంచే పట్టీలు గట్టిపడి సున్నం పేరుకుంటుంది. మెడ తిరగదు, నడుము వంగదు. కొందరికి వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంది. అట్లాంటివాళ్ళను ‘ఇంకొంచెం వంగు, ఇంకొంచెం తిప్పు’ అని బలవంతం చెయ్యొద్దు. ఎవరో యోగా వీడియో చూసి మెడ తిప్పొద్దు. వాళ్ళకు కుర్చీలో చేతులు, వేళ్ళు, పాదాలతో చేసే పనులన్నీ చెయ్యొచ్చు. చేతివేళ్ళకు ఎన్ని లెక్కలైనా పెట్టొచ్చు. బొటనవేలితో ఒక చేతిలో చూపుడువేలు నుంచి చిటికెనవేలుకు, ఇంకో చేతిలో చిటికెనవేలు నుంచి చూపుడువేలుకు ఒకేసారి తాకించండి. చూడ్డానికి ఏమీ లేదు, చేస్తే తెలుస్తుంది.

ఎంతసేపు, ఎన్నిరోజులు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెప్పింది. దానికి తోడు మూడు రోజులైనా బ్యాలెన్స్ పనులు, రెండు రోజులైనా కండలకు పని. నేను చెప్పిన ఆటలు రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు, మిగతాది మామూలు నడక. ఎండాకాలం మన దగ్గర పొద్దున ఏడు దాటితే బయట వద్దు. తిన్న వెంటనే వద్దు. షుగర్ మందులు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో వద్దు. మంచం మీంచి లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు ముందు బీపీ చూపించుకోవాలి. రబ్బరు చెప్పులతో అసలే వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొంచెం చేదుగా ఉంటుంది. డిమెన్షియా వచ్చేసిన తర్వాత వ్యాయామం దాన్ని ఆపుతుందా? ఇంగ్లండులో 494 మందితో ఈ పరీక్ష చేశారు, 2018లో ఫలితం వచ్చింది. గట్టి వ్యాయామం చేయించారు. ఒంట్లో సత్తువ పెరిగింది గాని మతిమరుపు వేగం తగ్గలేదు. కాబట్టి ఎవరైనా ‘ఈ ఆసనంతో అల్జీమర్స్ నయమవుతుంది’ అంటే నమ్మొద్దు. అట్లాగే ‘ఎడమ మెదడు, కుడి మెదడు కలుస్తాయి’ అని చెప్పి ఫీజులు తీసుకునే క్లాసులు వస్తున్నాయి. మన రెండు మెదళ్ళు పుట్టినప్పటి నుంచే కలిసి ఉన్నాయి. చెవులు పట్టుకుని గుంజీలు తీస్తే తెలివి పెరుగుతుందనే మాట కూడా మీ ఫోన్లలో తిరుగుతుంటుంది. గుంజీలు తొడలకు చాలా మంచివి, కుర్చీలోంచి లేవడానికి బలం వస్తుంది. చెవులు పట్టుకోవడం మీ ఇష్టం. మా లెక్కల సార్ మాత్రం నాతో చాలా తీయించారు, నాకేమీ పెరగలేదు.

(నవ్వులు)

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, మా ఆవిడ తాళంచెవులు ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది. డిమెన్షియానా?

తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోతే నేను కూడా ఆ లైన్లోనే ఉన్నాను. తాళంచెవి చేతిలో పట్టుకుని ఇది దేనికో తెలియకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. తెలిసిన గల్లీలో దారి తప్పడం, అడిగిందే అడగడం, డబ్బుల లెక్క తెలియకపోవడం, మనిషి తీరు మారిపోవడం, ఇవి ఉంటే ఆలస్యం చెయ్యొద్దు. బీ12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, దిగులు పట్టినా, నిద్రమాత్రలు ఎక్కువైనా మతిమరుపు వస్తుంది. అవి చాలావరకు సరిచేసుకోదగ్గవి. ఇక రాత్రికి రాత్రే మాట తడబడితే, ఒకవైపు చెయ్యి పడిపోతే అది మతిమరుపు కాదు, పక్షవాతం. వెంటనే 108కు ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: ఫోన్‌లో బ్రెయిన్ గేమ్‌లు ఆడితే రాదా? మా మనుమడు పెట్టిచ్చిండు.

ఆడండి పెద్దమ్మా, తప్పులేదు. కానీ ఫోన్ గేమ్ ఆడితే ఎక్కువగా ఆ గేమే బాగా వస్తుంది. కాళ్ళు కదలవు. మీకు పచ్చీసు ఆట వచ్చా? వస్తుంది కదా. నలుగురిని కూర్చోబెట్టి గవ్వలేయండి. ఒక్క నియమం కలపండి, పంట పడినప్పుడల్లా లేచి కుర్చీ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చి కూర్చోవాలి.

ప్రశ్న: ఎన్నాళ్ళకు తేడా తెలుస్తుంది?

యాది సంగతి నేను హామీ ఇవ్వను. కాలు నిలకడ మాత్రం రెండు మూడు నెలలకు మీకే తెలుస్తుంది. ప్యాంటు వేసుకునేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గుతుంది. చీర కుచ్చిళ్ళు పెట్టుకునేటప్పుడు మంచం మీద కూర్చోవాల్సిన పని తగ్గుతుంది. అది చూసుకోండి.

సరే, కింద చాయ్ వచ్చిందంటున్నారు. వచ్చే నెల ఎవరైనా రెండు డబ్బాల సుద్దముక్కలు తెండి, వరండాలో గళ్ళు గీద్దాం. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఎవరూ లెక్కలు పెట్టకండి, మాట్లాడకండి. కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కరే, నిమ్మళంగా దిగండి.